శంఖుపువ్వు: పోల్చుకుందాం, పెంచుదాం, వాడుకుందాం

పిల్లలూ, ఏదైనా తోటకు వెళ్లినప్పుడు పూలను రంగుల వారీగా లెక్కపెట్టి చూడండి. ఎర్రనివి, తెల్లనివి, పసుపుపచ్చనివి బోలెడు కనబడతాయి. నీలం పూలు మాత్రం చాలా తక్కువ. ఆ తక్కువ వాటిలో ఒకటి మన ఊళ్లలో దడుల మీద, గోడల పక్కన, పెరటి పందిళ్ల మీద మామూలుగా పాకే తీగకు పూస్తుంది. అదే శంఖుపువ్వు.

మన ఇళ్లలో ఈ పువ్వు పూజకు వెళుతుంది. మలేషియాలో వంటింట్లోకి వెళుతుంది. బడిలో సైన్సు ప్రయోగానికి పనికొస్తుంది. ఆయుర్వేదంలో ఈ తీగ వేరును మందుగా వాడారు. ఒకే తీగకు ఇన్ని పనులు! అయితే ఏ భాగం దేనికి పనికొస్తుందో, ఏ భాగం జోలికి వెళ్లకూడదో తెలిసినవాళ్లకే ఇది ఉపయోగపడుతుంది. అందుకే ఈ పాఠంలో ముందు పోల్చుకోవడం, తర్వాత పెంచడం, ఆ తర్వాతే వాడుకోవడం నేర్చుకుందాం. పోల్చుకోవడం అంటే చూసి సరిగ్గా గుర్తుపట్టడం.

పేరు ఎలా వచ్చింది?

మీ ఇంట్లో పూజగదిలో శంఖం ఉంటే ఒకసారి చూడండి. ఒకవైపు వెడల్పుగా తెరుచుకుని, ఇంకోవైపు సన్నబడుతుంది. ఈ పువ్వు ఆకారం కూడా అలాగే ఉంటుంది. అందుకే శంఖుపువ్వు, శంఖుపుష్పం అన్నారు. తెలుగులో దీనికి దింటెన అనే పేరు కూడా ఉంది. సంస్కృతంలో అపరాజిత, గిరికర్ణిక అంటారు. అపరాజిత అంటే ఓటమి లేనిది అని అర్థం. మలేషియాలో మలయ్ భాషలో బుంగా తెలంగ్ అంటారు. బుంగా అంటే పువ్వు.

1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఈ మొక్కకు శాస్త్రీయ నామం పెట్టాడు. అందులో రెండో మాట టెర్నేటియా. ఇండోనేషియాలో టెర్నాటె అనే చిన్న దీవి ఉంది. లవంగాలకు పేరుపడిన దీవి అది. ఆ దీవి పేరు మీదే ఈ మాట వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొందరు శంఖుపువ్వునే విష్ణుక్రాంత అని కూడా పిలుస్తారు. కానీ నేల మీద పరుచుకుని చిన్న చిన్న నీలం పూలు పూసే వేరే మొక్కకు కూడా విష్ణుక్రాంత అనే పేరుంది. వినాయక చవితి పత్రిలో విష్ణుక్రాంత పేరు వస్తుంది కదా! ఒక ఇంట్లో ఈ తీగ ఆకులు పెడతారు, ఇంకో ఇంట్లో ఆ చిన్న మొక్క ఆకులు పెడతారు. శంఖపుష్పి అనే మందు విషయంలోనూ ఇంతే. ఆ పేరుతో ఒక్కో ప్రాంతంలో ఒక్కో మొక్కను వాడుతున్నారు. కాబట్టి పేరు ఒక్కటే తెలిస్తే చాలదు, మొక్కను చూసి పోల్చుకోగలగాలి.

తీగను చూద్దాం

శంఖుపువ్వు తీగ చిక్కుడు కుటుంబానికి చెందింది. చిక్కుడు, బఠాణీ, కంది, పెసర అన్నీ దీనికి చుట్టాలే. ఒక్కో భాగం గమనించండి.

కాడ: సన్నగా ఉంటుంది. దగ్గర్లో ఏ పుల్ల దొరికినా దాని చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. ఇలా చుట్టుకుంటూ పోవడాన్ని అల్లుకోవడం అంటాం. తీగ సాధారణంగా రెండు మూడు మీటర్ల వరకు పెరుగుతుంది.

ఆకు: ఒక ఈనెకు ఐదు లేదా ఏడు చిరు ఆకులు ఉంటాయి. రెండేసి ఎదురెదురుగా, చివర ఒకటి ఒంటరిగా ఉంటుంది.

పువ్వు: ముదురు నీలం రంగులో ఒక పెద్ద రేకు ఉంటుంది. దాని మధ్యలో తెలుపో లేత పసుపో మచ్చ ఉంటుంది. బఠాణీ పువ్వులో పెద్ద రేకు పైకి నిలబడుతుంది. శంఖుపువ్వులో మాత్రం అది కిందికి ఉంటుంది. అంటే ఇది తలకిందులైన బఠాణీ పువ్వు అన్నమాట! తెల్ల శంఖుపూలు, లేత ఊదా శంఖుపూలు కూడా ఉన్నాయి. రేకులు ఎక్కువగా, ఒత్తుగా ఉంటే ముద్ద శంఖుపువ్వు అంటారు. ముద్దమందారం, ముద్దబంతి అన్నట్టే.

వాసన: దాదాపు ఉండదు. మల్లెలా, జాజిలా తలలో పెట్టుకునే పువ్వు కాదిది.

కాయ: చిక్కుడుకాయలా చదునుగా, సన్నగా, వేలెడంత పొడవుంటుంది. ఎండితే గోధుమ రంగుకు మారుతుంది. లోపల గింజలు వరసగా ఉంటాయి.

వేరు: వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. అందుకే ఈ తీగ పెరిగిన నేల బలపడుతుంది. కొన్ని దేశాల్లో దీన్ని పశువుల మేతగా కూడా పెంచుతారు.

పోలిక చూసి మోసపోవద్దు

మీరుండే చోట వేరే నీలం, ఊదా తీగలు చాలా కనబడతాయి. అవన్నీ శంఖుపూలు కావు. ముఖ్యంగా ఈ మూడింటిని గుర్తుపెట్టుకోండి.

1. మార్నింగ్ గ్లోరీ: పువ్వు గరాటులా గుండ్రంగా ఉంటుంది. చాలా రకాల్లో ఆకు హృదయం ఆకారంలో ఉంటుంది. దీని గింజలు విషం.

2. విస్టీరియా: ఇదీ చిక్కుడు కుటుంబమే. ఊదా పూలు ద్రాక్ష గుత్తుల్లా కిందికి వేలాడతాయి. దీని కాయలు, గింజలు విషం. అమెరికాలో, ఇంగ్లండులో ఇళ్ల ముందు కనబడుతుంది.

3. స్వీట్ పీ: పేరులో తీపి ఉంది, మంచి వాసన కూడా ఉంది. కానీ ఇది తినే బఠాణీ కాదు. పట్టుకోవడానికి నులితీగలు ఉంటాయి. శంఖుపువ్వుకు నులితీగలు ఉండవు. స్వీట్ పీ గింజలు తినకూడదు.

చూశారా, చుట్టాలైనంత మాత్రాన అందరి గుణం ఒకటి కాదు! పువ్వు, ఆకు, కాయ మూడూ సరిపోలితేనే ఇది శంఖుపువ్వు అని చెప్పాలి. అప్పుడు కూడా ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి అడగాలి. దారి పక్కన కనబడిన ఏ పువ్వునూ కోసి నోట్లో పెట్టుకోకూడదు.

విత్తు నుంచి పువ్వు దాకా

ముందుగా ఒక మాట. సెలవులకు ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ వాళ్ల పెరట్లో ఈ గింజలు చూస్తే జేబులో వేసుకుని తెచ్చుకోవాలనిపిస్తుంది. అలా చేయకండి. నాటే విత్తనాలను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తేవాలంటే చాలా చోట్ల అనుమతి పత్రం కావాలి. విత్తనాలతో పాటు మనకు కనబడని పురుగులు, తెగుళ్లు రావచ్చు కాబట్టి ఈ నియమం పెట్టారు. మీరుండే దేశంలోనే, విత్తనాల దుకాణంలో ప్యాకెట్ కొనుక్కోండి.

ఎప్పుడు నాటాలి? శంఖుపువ్వుకు వెచ్చదనం కావాలి. మంచు పడితే చచ్చిపోతుంది.

అమెరికాలో చలి ఉండే రాష్ట్రాల్లో, ఇంగ్లండులో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంటి లోపల చిన్న కుండీలో నాటండి. మంచు పడే రోజులు పూర్తిగా పోయాక బయట పెట్టండి. ఇంగ్లండు ఎండ దీనికి చాలదు. అక్కడ వెలుగు బాగా వచ్చే కిటికీ దగ్గరో, గాజు గదిలోనో పెడితే మంచిది.

గల్ఫ్ దేశాల్లో అక్టోబరులో గానీ, ఫిబ్రవరిలో గానీ నాటండి. నడి వేసవిలో మధ్యాహ్నం నీడ కల్పించండి.

మలేషియాలో ఎప్పుడైనా నాటొచ్చు. మారిషస్‌లో, దక్షిణాఫ్రికాలోని డర్బన్ వైపు సెప్టెంబరు, అక్టోబరు నెలలు బాగుంటాయి. అక్కడ చలికాలం పోయి వెచ్చబడటం అప్పుడే మొదలవుతుంది కదా!

ఎలా నాటాలి?

1. గింజ పైపొర చాలా గట్టిగా ఉంటుంది. నీళ్లు లోపలికి పోవు. అందుకే గింజను గరుకు కాగితం మీద ఒకవైపు రెండు మూడు సార్లు రుద్దండి. పైపొర కాస్త గీసుకుంటే చాలు. ఈ పని పెద్దవాళ్ల దగ్గర కూర్చుని చేయండి.

2. గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నకు కొన్ని గింజలు ఉబ్బుతాయి. ఉబ్బనివి ఉంటే మళ్లీ కొంచెం రుద్ది నానబెట్టండి.

3. అడుగున చిల్లులున్న కుండీలో మట్టి నింపి, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున గింజ పెట్టండి. మట్టి కప్పి నీళ్లు చిలకరించండి.

4. వారం నుంచి మూడు వారాల్లో మొలక వస్తుంది. చలిగా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. ఇంకా రాలేదేమిటని రోజూ మట్టి తవ్వి చూడకండి!

5. మొలక జానెడు ఎత్తు రాగానే ఊతం ఇవ్వండి. ఒక కర్ర పాతినా సరే, బాల్కనీ కమ్మీకి పురికొస కట్టినా సరే. ఊతం లేకపోతే తీగ తన మీద తానే చుట్టుకుని చిక్కుపడిపోతుంది.

6. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. పైమట్టి ఆరాక నీళ్లు పోయండి. కుండీలో నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి.

7. నత్రజని ఎరువు ఎక్కువ వేయకండి. నత్రజనిని తెచ్చుకునే ఏర్పాటు మొక్కకే ఉందని ఇందాక చదివారు కదా! ఎరువు ఎక్కువైతే ఆకులు గుబురుగా వస్తాయి, పూలు తగ్గుతాయి.

8. లేత చివర్ల మీద పేనుబంక పడితే నీళ్లతో గట్టిగా కడగండి. మీరు తినబోయే పూలు కాబట్టి పురుగుమందు కొట్టొద్దు.

వాతావరణం బాగుంటే నాటిన రెండు మూడు నెలలకు పూలు మొదలవుతాయి. పొద్దున్న విచ్చుకున్న పువ్వు మర్నాటికి వాడిపోతుంది. పూలు, కాయలు ఎప్పటికప్పుడు కోస్తుంటే కొత్త మొగ్గలు వస్తూనే ఉంటాయి. చివర్లో రెండు మూడు కాయలను మాత్రం తీగ మీదే ఎండనిచ్చి, వచ్చే ఏటికి విత్తనాలు దాచుకోండి. ఆ విత్తనాల సీసా మీద పేరు రాసి, చిన్నపిల్లలకు అందని చోట పెట్టండి. ఎందుకో ముందు ముందు చెబుతాను.

నీలం నీళ్ల ప్రయోగం

కావలసినవి: పది శంఖుపూలు (ఎండినవైనా సరే), వేడి నీళ్లు, మూడు గాజు గ్లాసులు, నిమ్మకాయ, వంటసోడా.

పూల అడుగున ఉండే ఆకుపచ్చని భాగం తీసేయండి. అమ్మనో నాన్ననో పూల మీద వేడి నీళ్లు పోయమనండి. ఐదు నిమిషాలు ఆగండి. నీళ్లు ముదురు నీలంగా మారతాయి. వడకట్టి, చల్లారాక మూడు గ్లాసుల్లో పోయండి.

మొదటి గ్లాసును అలాగే ఉంచండి. రెండో దాంట్లో నిమ్మరసం చుక్క చుక్కగా వేయండి. నీలం కాస్తా ఊదా అవుతుంది, ఇంకా వేస్తే గులాబీ వైపు తిరుగుతుంది. మూడో దాంట్లో చిటికెడు వంటసోడా కలపండి. నీలం ఆకుపచ్చ వైపు మళ్లుతుంది.

ఎందుకిలా? పూరేకుల్లో ఆంథోసయానిన్లు అనే రంగు పదార్థాలు ఉన్నాయి. నిమ్మరసం ఆమ్లం. అంటే పుల్లని గుణం ఉన్నది. వంటసోడా క్షారం. ఆమ్లం తగిలినా, క్షారం తగిలినా ఆ రంగు పదార్థం నిర్మాణంలో మార్పు వస్తుంది. దాంతో మన కంటికి వేరే రంగు కనబడుతుంది. బడిలో లిట్మస్ కాగితం చేసే పనిని ఇంట్లో శంఖుపువ్వు చేసిందన్నమాట. సోడా కలిపిన నీళ్లు తాగకండి, పారబోయండి.

వంటింట్లో శంఖుపువ్వు

మలేషియాలోని కెలంతాన్ రాష్ట్రంలో నాసి కెరాబు అనే అన్నం ప్రసిద్ధి. ఈ పూల నీళ్లతో వండటం వల్ల అన్నం నీలంగా ఉంటుంది. దాన్ని పచ్చి ఆకుకూరలు, కొబ్బరి, చేపలతో కలిపి తింటారు. థాయిలాండులో ఈ పూల నీళ్లలో తీపి, నిమ్మరసం కలిపి చల్లగా తాగుతారు. పువ్వుకు చెప్పుకోదగ్గ రుచి లేదు. వంటలో దీని పనంతా రంగు ఇవ్వడమే.

మన వంటలో కూడా చేసి చూడొచ్చు. పూల నీళ్లు పోసి అన్నం పొడిపొడిగా వండమని అమ్మకు చెప్పండి. దాంతో నిమ్మకాయ పులిహోర కలపండి. ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు మామూలే. పసుపు మాత్రం వేయకండి, వేస్తే నీలం కనబడదు. నిమ్మరసం పిండి కలుపుతుంటే అన్నం మీ కళ్ల ముందే ఊదా రంగుకు మారుతుంది. ఎందుకు మారిందో మీ చెల్లికో తమ్ముడికో మీరే తెలుగులో చెప్పండి.

వంటకు ఇంట్లో పెంచిన పూలు గానీ, తినడానికని అమ్మే ఎండు పూలు గానీ వాడాలి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క మీద అప్పటికే ఉన్న పూలు వద్దు. వాటి మీద మందులు కొట్టి ఉండొచ్చు.

మందు మాట

తెలుగులో ఒక సామెత ఉంది: పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. మన దగ్గరే ఉన్నదానికి మనం విలువ ఇవ్వం అని దీని అర్థం. శంఖుపువ్వు తీగ పెరట్లోనే ఉన్నా దానికి ఆయుర్వేదంలో చోటు దక్కింది. జ్ఞాపకశక్తికి మంచిదని చెబుతారు. శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరిశోధనలు కూడా చేశారు. కానీ ఎలుకల్లో కనబడింది మనుషుల్లోనూ జరుగుతుందని రుజువు కావాలంటే ఇంకా చాలా పరీక్షలు కావాలి. కాబట్టి ఈ నీళ్లు తాగితే పరీక్షలో మార్కులు వస్తాయని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మార్కులు చదివితేనే వస్తాయి!

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఈ తీగ వేరు, గింజలు విరేచనాలు కలిగిస్తాయి. అంటే కడుపు నొప్పి వచ్చి, మాటిమాటికీ బాత్రూముకు పరుగెత్తాల్సి వస్తుంది. వైద్యులు మోతాదు చూసి ఇచ్చేది వేరు, మనంతట మనం తినేది వేరు. కాయ చూడటానికి చిక్కుడుకాయలా ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలు పొరపాటు పడే అవకాశం ఉంది. విత్తనాల సీసా అందకుండా పెట్టమన్నది అందుకే.

పువ్వు గురించి కూడా అన్ని దేశాలదీ ఒకే మాట కాదు. పూరేకుల నుంచి నీళ్లతో తీసిన సారాన్ని కొన్ని పానీయాల్లో, ఐస్‌క్రీముల్లో రంగుగా వాడటానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2021లో అనుమతి ఇచ్చింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాత్రం ఎండు పూలను ఆహారంగా అమ్మే విషయంలో 2022లో అభ్యంతరం చెప్పింది. ఒక దేశంలో తరతరాలుగా తింటున్న వస్తువును ఇంకో దేశం కొత్తగా చూసినప్పుడు ఇలా ప్రశ్నలు వేస్తుంది. అందులో తప్పేమీ లేదు. మీరుండే దేశంలో నియమం ఏమిటో పెద్దవాళ్లు చూసుకోవాలి. అనుమతి లేని చోట పువ్వును ప్రయోగానికీ, పూజకూ వాడుకోండి. తినే చోట కూడా ఎప్పుడైనా ఒకసారి, కొంచెంగా చాలు. గర్భిణులు, రోజూ మందులు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా తీసుకోకూడదు.

గుర్తుపెట్టుకోండి: పువ్వు పెద్దవాళ్లను అడిగి తినాలి. గింజ, కాయ, వేరు అసలు తినకూడదు.

మాటలు నేర్చుకుందాం

తీగ పాకుతుంది. పసిపాప కూడా పాకుతుంది. రెండింటికీ తెలుగులో ఒకే మాట!
మొగ్గ తొడుగుతుంది. పువ్వు విచ్చుకుంటుంది. తర్వాత వాడిపోతుంది. చివరికి రాలిపోతుంది.
ఒకటైతే పువ్వు, ఎక్కువైతే పూలు లేదా పువ్వులు.
దడి: కర్రలతో, కంపతో కట్టిన కంచె.
పందిరి: తీగ పైన పరుచుకోవడానికి కర్రలతో వేసిన చట్రం.
ఊతం: పడిపోకుండా పట్టుకునే ఆధారం.
జానెడు: చెయ్యి చాపినప్పుడు బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఉండే కొలత.
సామెత: తీగ లాగితే డొంకంతా కదిలింది. డొంక అంటే ముళ్ల పొద. చిన్న విషయం గురించి అడగబోతే దాని వెనక ఉన్న పెద్ద కథంతా బయటపడినప్పుడు ఇలా అంటారు.

అభ్యాసం

అ. జవాబులు రాయండి.
1. శంఖుపువ్వుకు ఆ పేరు ఎందుకు వచ్చింది?
2. గింజను నాటే ముందు గరుకు కాగితం మీద ఎందుకు రుద్దుతాం?
3. శంఖుపువ్వుకూ స్వీట్ పీకీ తేడాలు రెండు రాయండి.
4. ఊరి నుంచి విత్తనాలు ఎందుకు తెచ్చుకోకూడదు?

ఆ. తప్పో ఒప్పో చెప్పి, తప్పయితే సరిచేయండి.
1. నీలం పూల తీగలన్నీ శంఖుపూలే.
2. పూల నీళ్లలో నిమ్మరసం వేస్తే ఆకుపచ్చగా మారతాయి.
3. శంఖుపువ్వు గింజలు చిక్కుడు గింజల్లా వండుకోవచ్చు.

ఇ. ఫోనులో మాట్లాడండి. ఈ వారం అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి శంఖుపువ్వు బొమ్మ చూపించండి. "మీ వైపు దీన్ని ఏమంటారు?" అని అడగండి. తెలంగాణలో ఉన్న నాయనమ్మనైతే "మీ దిక్కు దీన్ని ఏమంటరు?" అని అడగొచ్చు. వాళ్లు చెప్పిన పేరు, వాళ్లింట్లో ఏ పూజకు వాడతారో, ఆ తీగ ఎక్కడ పాకేదో ఐదు వాక్యాల్లో రాయండి. తీగ లాగితే డొంక కదులుతుందేమో చూడండి!

ఈ. చేసి చూడండి. మూడు గింజలు నాటి, గోడ మీద ఒక కాగితం అంటించండి. నాటిన తేదీ, మొలక వచ్చిన తేదీ, మొదటి మొగ్గ కనబడిన తేదీ తెలుగులో రాయండి. మొలక రాకపోతే అదీ రాయండి. ఎందుకు రాలేదో పై పాఠంలో వెతకండి.